అడ్డం అని తీసేసిన బీరువా

మా అమ్మానాన్నల ఇంట్లో బెడ్రూంకీ బాత్రూంకీ మధ్య చిన్న నడవా ఉంది, ఆ నడవాలో నడుమెత్తు పుస్తకాల బీరువా ఒకటి ఉండేది. ఉండేది అంటే నేనూ మా తమ్ముడూ కలిసి దాన్ని తీసి పక్క గదిలో పడేసేదాకా ఉండేది. నాన్నకి 78, అమ్మకి 74. తెలిసినవాళ్ళింట్లో పెద్దావిడ ఒకరు పడి తుంటి ఎముక విరిగిందని విన్నాక మాకు భయం పట్టుకుంది, ఒక వీకెండ్ కూర్చుని నెట్లో దొరికిన చెక్‌లిస్టులన్నీ ముందేసుకుని ఇల్లంతా సేఫ్ చేసేశాం అనుకున్నాం. నేల మీద పరిచిన చిన్న చిన్న పట్టాలు తీసేశాం, నేల మీద పాకుతున్న వైర్లు గోడకి కొట్టించాం. అన్ని చెక్‌లిస్టుల్లోనూ మొదటి పాయింట్ ఒకటే, నడిచే దారిలో అడ్డం ఉన్న సామాను తీసేయండి అని. బీరువా దారిలోనే ఉంది కదా, తీసేశాం. నడవా ఎంత ఖాళీగా, ఎంత నీట్‌గా కనిపించిందంటే నేను ఫోటో కూడా తీశాను, ముందూ తర్వాతా అని రెండు పక్కపక్కన పెట్టి.

తొమ్మిదో రోజు రాత్రి నాన్న అదే నడవాలో పడ్డారు.

మణికట్టు విరిగింది. తల కాదు, తుంటి కాదు, అంతవరకూ నయం. కానీ దాదాపు 40 నిమిషాలు నేల మీదే ఉండిపోయారు, ఎందుకంటే అమ్మ రాత్రిపూట చెవి మిషన్ తీసేసి పడుకుంటుంది, ఈయన పిలిచిన పిలుపు ఆవిడకి వినపడలేదు, తనంతట తను మెలకువొచ్చి పక్కన మనిషి లేడేంటని లేచి చూస్తే అప్పుడు తెలిసింది.

కట్టు విప్పాక చెయ్యి కదలడానికి ఎక్సర్‌సైజులు చేయించడానికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చేది. రెండో రోజో మూడో రోజో నాన్నని నడిపిస్తూ నడవాలో ఆగి గోడ వంక అలా చూస్తూ ఉండిపోయింది. "ఇక్కడ ఇంతకు ముందు ఏదైనా సామాను ఉండేదా?" అని అడిగింది. ఎలా కనిపెట్టావమ్మా అంటే గోడ చూపించింది. బెడ్రూం గుమ్మం దగ్గర మొదలుపెట్టి గోడ మీద ఒకే ఎత్తులో మసక మసకగా మరకలు, చేతి జిడ్డు పట్టిన మరకలు, అవి ఒక చోటికొచ్చి ఆగిపోయాయి, మూడడుగులు శుభ్రంగా ఉంది, మళ్ళీ అక్కణ్ణించి బాత్రూం దాకా మరకలు. ఆ మూడడుగులే మా బీరువా. నాన్న చెయ్యి గోడ మీంచి బీరువా మీదకి, బీరువా మీంచి మళ్ళీ గోడ మీదకి వెళ్ళేదన్నమాట, ఎన్నేళ్ళుగానో. మేం దాన్ని అడ్డం అనుకున్నాం, ఆయనకది ఊత.

మేం తీసేస్తున్నప్పుడు చెప్పలేదేం నాన్నా అని అడిగాను, కోపంగానే అడిగాను, భయం పడ్డప్పుడు నాకు కోపమే వస్తుంది. ఆయన కాసేపు ఆలోచించి "పట్టుకుంటున్నానని నాకే తెలీదమ్మా, పోయాక తెలిసింది" అన్నారు.

దీనికి ఫిజియోథెరపీ వాళ్ళల్లో ఒక పేరు కూడా ఉందట, ఫర్నిచర్ వాకింగ్ అంటారట. కుర్చీ వీపు, టేబుల్ అంచు, గోడ, తలుపు చట్రం ఇలా ఒకదాన్నించి ఇంకోదానికి చెయ్యి మార్చుకుంటూ ఇల్లంతా తిరగడం. బయట నడవాలంటే భయపడే మనిషి ఇంట్లో మాత్రం బాగానే తిరుగుతున్నాడే అని మనం అనుకుంటామే, అది ఇదే. బ్యాలెన్స్ తగ్గుతోంది అని చెప్పే మొదటి గుర్తుల్లో ఇదొకటి, కాబట్టి బీరువా తెచ్చి మళ్ళీ అక్కడ పెట్టేస్తే పని అయిపోదు, అది ఒరిగితే మనిషితో పాటు పడుతుంది అని ఆ అమ్మాయే చెప్పింది. మేం ముందు బీరువానే వెనక్కి తెచ్చి గోడకి స్క్రూలు వేయించాం, రెండు వారాల తర్వాత ఆ గోడ పొడుగునా చెక్క రెయిలింగ్ పెట్టించి అప్పుడు తీశాం. ఈసారి నాన్నని అడిగే తీశాం లెండి.

అప్పట్నించీ నాకో పిచ్చి పట్టుకుంది, ఇల్లంతా మరకలు వెతకడం. నిజంగా చెప్తున్నా, మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఏ చెక్‌లిస్టూ తెరవకముందు టార్చ్ పట్టుకుని గోడలు చూడండి, ఏటవాలుగా లైటు వేస్తే బాగా కనిపిస్తాయి. మా బాత్రూం తలుపు చట్రం మీద రంగు ఒకచోట అరచేయంత మేర నున్నగా అరిగిపోయి ఉంది. టవల్ రాడ్ ఒక పక్క స్క్రూ ఊడొచ్చేలా ఉంది, ఎన్నిసార్లు బిగించినా మళ్ళీ వదులైపోతోందని నాన్నే విసుక్కునేవారు, ఎందుకు వదులవుతుందో ఆయనకీ తట్టలేదు మాకూ తట్టలేదు, కమోడ్ మీంచి లేచేటప్పుడు దాన్ని పట్టుకుని లాగుతున్నారు! టవల్ రాడ్ టవల్ బరువుకి చేసింది, మనిషి బరువుకి కాదు. మనిషి పట్టుకుని లేవడానికే గోడకి బిగించే రాడ్లుంటాయి, గ్రాబ్ బార్ అని అమ్మేవాటికి కనీసం 113 కిలోల బరువు ఆపాలని స్టాండర్డ్ ఉంది, అదీ గోడలోకి సరిగ్గా దిగితేనే. టైల్ వెనక డొల్లగా ఉంటే ఎంత మంచి రాడ్ కొన్నా ఒకటే, టైల్‌తో సహా ఊడి చేతికొస్తుంది, అందుకే వేలితో కొట్టి చప్పుడు విని గట్టిగా ఉన్నచోట వేయించుకోవాలి. వాక్యూమ్‌తో అతుక్కునే హ్యాండిళ్ళు కూడా ఉంటాయి, డ్రిల్లింగ్ అక్కర్లేదని మా తమ్ముడు వాటికి చాలా ముచ్చట పడ్డాడు, నేను ఒప్పుకోలేదు, ఎప్పుడు గాలి పట్టి ఊడుతుందో తెలీని దాని మీద మనిషి బరువు పెట్టడం ఏంటసలు.

ఎత్తు ఎంత పెట్టాలి అంటే నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలు అని రాసి ఉంటుంది అడ్డంగా పెట్టే రాడ్‌కి. మేం కొలిచి గుర్తు పెట్టాక నాన్నని కమోడ్ మీద మూత వేసి కూర్చోబెట్టి, లేవండి నాన్నా అని ఐదారుసార్లు లేపి, చెయ్యి దానంతటది ఎక్కడికి వెళ్తోందో అక్కడ పెన్సిల్ గీత గీశాం. ఆ గీత మా కొలతకి కొంచెం కిందా, చాలా ముందుకీ వచ్చింది. ఆయన లేచేటప్పుడు ముందుకి వంగి లేస్తారు, పక్కకి పట్టుకుని పైకి లాక్కోరు. పెన్సిల్ గీతకే ఓటు వేశాం. కమోడ్ ఎత్తు కూడా తక్కువుంది, 17 నుంచి 19 అంగుళాలు ఉంటే మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది, దానికి కమోడ్ మార్చక్కర్లేదు, సీటు మీద బిగించే ఎత్తు సీటు దొరుకుతుంది, అది ఊగకుండా ఉండాలి అంతే. సోఫాలదీ ఇదే గోల, మెత్తగా లోపలికి దిగిపోయే సోఫా పెద్దవాళ్ళకి బావి లాంటిది, చేతులున్న గట్టి కుర్చీ వంద రెట్లు నయం.

ఇక్కడ ఇంకో గొడవ జరిగింది. రాడ్ బిగించేరోజు నాన్న అలిగి కూర్చున్నారు. ఇల్లా ఆసుపత్రా ఇది అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది, ఎవరైనా ఇంటికొస్తే ఆ స్టీలు రాడ్డు చూసి ఈయన పనైపోయింది అనుకుంటారని. నేను లెక్చర్ ఇవ్వబోయాను కానీ అమ్మ నన్ను ఆపి "మీకు కాదులెండి, నాకు, నా మోకాళ్ళు చూడట్లేదా" అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఇప్పుడు ఇద్దరూ వాడతారు, నేను వెళ్ళినా వాడతాను, తడి నేల మీద పట్టుకోడానికి ఒకటుంటే ఎవరికి చేదు.

ఆ వారమే ఒక రాత్రి నేను హాల్లో పడుకుని నాన్న లేచినప్పుడు నేనూ లేచి వెనకే వెళ్ళి చూశాను, చెప్పే చేశాను, దొంగతనంగా కాదు. పగలు వంద సార్లు చూసినా కనపడనివి ఆ ఒక్క రాత్రిలో కనపడ్డాయి. లైట్ స్విచ్ మంచానికి అవతలి గోడకుంది, అంటే చీకట్లో నాలుగడుగులు వేశాకే వెలుతురు. అసలాయన స్విచ్ వెయ్యనే వెయ్యరు, అమ్మకి నిద్ర చెడుతుందని. కళ్ళజోడు పెట్టుకోరు. మడమ దగ్గర పట్టు లేని వదులు చెప్పుల్లో కాళ్ళు దూర్చి ఈడ్చుకుంటూ వెళ్తారు. అన్నిటికంటే ముఖ్యం, పడుకున్న మనిషి ఒక్క ఊపున లేచి నిలబడిపోతారు, నిలబడ్డాక ఒక్క క్షణం ఊగారు, నా గుండె జారిపోయింది.

ఈ ఊగడం గురించి డాక్టర్‌కి చెబితే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 3 నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూశారు. నిలబడ్డాక పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ అంతకంటే ఎక్కువ పడిపోతే దాన్ని పోశ్చురల్ హైపోటెన్షన్ అంటారు, నాన్నకి పై నంబర్ 26 పడింది. ఇంతకాలం కుర్చీలో కూర్చోబెట్టి చూసిన బీపీ ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉండేది మరి. బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు, డిప్రెషన్‌కి వాడేవి, ఆఖరికి జలుబుకి వాడే కొన్ని మాత్రలు కూడా ఇలా తూలేలా చేస్తాయి, మాత్రల సంఖ్య పెరిగేకొద్దీ రిస్క్ పెరుగుతుంది. అలాగని మనమే ఏదో ఒకటి ఆపేయకూడదు సుమా, వాడుతున్న డబ్బాలన్నీ ఒక సంచీలో వేసుకుని డాక్టర్ ముందు బోర్లించాలి. నాన్నకి ఒక మాత్ర డోసు తగ్గించారు, ఒకటి మార్చారు. ఇంట్లో రూల్ ఏంటంటే లేవగానే మంచం అంచున కూర్చుని పాదాలు నేలకి ఆనించి పది సార్లు మడమలు ఎత్తి దించాకే నిలబడాలి. మంచం కూడా ఎత్తు తక్కువైంది, కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆని మోకాళ్ళు తుంటితో సమానంగా ఉండాలి, మంచం కోళ్ళ కింద బ్లాకులు వేయించాం.

వెలుతురు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి ఎందుకంటే దీన్ని నేనూ తేలిగ్గా తీసుకున్నాను. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్స్ పసుపు రంగుకి తిరుగుతుంది, 60 ఏళ్ళ మనిషి రెటీనా మీద పడే వెలుతురు 20 ఏళ్ళ మనిషితో పోలిస్తే సుమారు మూడో వంతు. అంటే మనకి బాగానే ఉందనిపించే గది వాళ్ళకి సంధ్యవేళ లాంటిది. దాని మీద చీకట్లోంచి వెలుతురులోకి వచ్చినా, వెలుతురులోంచి చీకట్లోకి వెళ్ళినా కళ్ళు సర్దుకోడానికి ఎక్కువ టైం పడుతుంది. అలాగని పెద్ద ట్యూబ్‌లైట్ తెచ్చి వేస్తే మెరిసే టైల్స్ మీద పడి కళ్ళలో కొడుతుంది, నేల తడిగా ఉందో పొడిగా ఉందో తెలీదు. మేం మంచం కింద, నడవాలో మోకాలి ఎత్తులో, బాత్రూం గుమ్మం పక్కన కదలికకి వెలిగే చిన్న లైట్లు పెట్టాం, పసుపుపచ్చ వెలుతురు, మంచం మీంచి కాలు కింద పెట్టగానే దారంతా కనిపిస్తుంది, అమ్మ మొహం మీద పడదు. మా ఇంటి ఖర్చులో అతి తక్కువైంది ఇదే, ఎక్కువ పనికొచ్చింది కూడా ఇదేనేమో.

రంగుల తేడా కూడా వెలుతురంత ముఖ్యం. తెల్ల టైల్స్, తెల్ల కమోడ్, తెల్ల గోడ, పైగా తెల్ల రాడ్, చూడ్డానికి మ్యాగజైన్‌లో ఫోటోలా ఉంటుంది, శుక్లాలు మొదలైన కంటికి అంతా ఒకే పాలసముద్రం. సీటు ముదురు నీలంది వేశాం, గుమ్మం దగ్గర అంగుళం ఎత్తు తేడా ఉంటే అక్కడ పసుపు టేపు. బయటి మెట్ల అంచులకీ అదే టేపు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ ఇంట్లో మాత్రం నేల మీద నల్ల పట్టా వేయకూడదు, వాళ్ళకది గొయ్యిలా కనిపించి దాటడానికి భయపడతారు, కొందరు దాని మీంచి గెంతబోతారు కూడా.

మెట్ల గురించి రెండు మాటలే. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు పడితే దెబ్బ పెద్దది, చివరి మెట్టు అయిపోయిందనుకుని గాల్లో కాలు వేయడం మామూలుగా జరిగేది, అందుకే రెయిలింగ్ చివరి మెట్టు దాటి ఇంకో అడుగు ముందుకి ఉండాలి, రెండు పక్కలా ఉండాలి. ఇంకోటి, బైఫోకల్, ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు పెట్టుకుని కిందకి చూస్తే చదవడానికి పెట్టిన భాగంలోంచి చూస్తారు, మెట్టు అంచు మసకేసిపోతుంది. నాన్న బయటికి నడవడానికి దూరపు చూపు అద్దాలు విడిగా చేయించుకున్నారు.

వేడినీళ్ళు చాలామంది మర్చిపోతారు. 60 డిగ్రీల నీళ్ళు పడితే 5 సెకన్లలో గట్టిగా కాలిపోతుంది, అదే 49 డిగ్రీలైతే నిమిషాలు పడుతుంది. పెద్దవాళ్ళ చర్మం పల్చన, చెయ్యి వెనక్కి లాక్కోవడం నెమ్మది, షుగర్ ఉంటే కాళ్ళకి వేడే తెలీకపోవచ్చు. కుళాయి దగ్గరికొచ్చే నీళ్ళు 49 దాటకుండా చూసుకోవడమే.

బాత్రూం తలుపు మాది లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడితే బయటినుంచి తోయడానికి కుదరదు, తోస్తే ఆ మనిషికే తగులుతుంది. బయటికి తెరుచుకునేలా తిప్పించాం, లోపలి గడియ తీసేసి బయట నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే లాక్ పెట్టించాం. దీనికి అమ్మ అస్సలు ఒప్పుకోలేదు మొదట, ఎవరైనా తీస్తారేమో అని. 74 ఏళ్ళ మనిషికి కూడా తన తలుపు తనదే కదా. ఆ నాణెం ఎక్కడుంటుందో మా ఇద్దరికీ తప్ప ఎవరికీ చెప్పం అన్నాక సరే అంది.

ఆ 40 నిమిషాలు నన్ను చాలాకాలం వదల్లేదు. పడ్డ దెబ్బ ఒకెత్తు, లేవలేక అలాగే ఉండిపోవడం ఇంకో ఎత్తు, గంట దాటితే కింద ఒత్తుకున్న కండరం దెబ్బతినడం, ఒంట్లో నీరు తగ్గడం, చలికి ఒళ్ళు చల్లబడడం, పుళ్ళు పడడం అన్నీ మొదలవుతాయి. ఫోన్ టేబుల్ మీదుంటుంది, మనిషి కిందుంటాడు. అందుకని వైర్‌లెస్ కాలింగ్ బెల్ బటన్లు తెచ్చి బాత్రూంలో, నడవాలో, మంచం పక్కన నేల నుంచి అడుగు ఎత్తులో అతికించాం, బెల్ మోగితే పెద్ద లైటు కూడా మిణుకుమిణుకుమనే రకం, అది అమ్మ వైపు గోడకుంది, చెవి మిషన్ లేకపోయినా కళ్ళ మీద వెలుతురు పడితే లేస్తుంది. మూడుసార్లు టెస్ట్ చేశాం, రెండోసారి ఆవిడ లేచి మమ్మల్ని తిట్టింది, అంటే పనిచేస్తోందనే.

పడితే ఎలా లేవాలో కూడా ఆ ఫిజియో అమ్మాయి ప్రాక్టీస్ చేయించింది. ముందు కాసేపు కదలకుండా ఉండి ఎక్కడ నొప్పో చూసుకోవాలి, విరిగినట్టనిపిస్తే కదలకూడదు. లేదంటే పక్కకి దొర్లి, చేతులూ మోకాళ్ళ మీదకొచ్చి, పాక్కుంటూ గట్టి కుర్చీ దాకా వెళ్ళి, చేతులు కుర్చీ మీద ఆనించి బలమైన కాలు ముందు పెట్టి లేచి తిరిగి కుర్చీలో కూర్చోవాలి. పరుపు పరిచి చేయిస్తే నాన్న నవ్వుతూ నవ్వుతూ చేసేశారు. అమ్మ చేయలేకపోయింది. నవ్వులు అక్కడ ఆగిపోయాయి. ఇంతకాలం మేం నాన్న గురించే హైరానా పడుతున్నాం, ఆవిడ గట్టిది అనుకుంటూ.

అప్పుడు ఇద్దరికీ కాళ్ళ బలానికి ఎక్సర్‌సైజులు మొదలుపెట్టించాం. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ప్రోగ్రామ్ ఒకటుంది, ఇంట్లోనే చేసుకునే కాళ్ళ బలం, బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు, దానితో పడడాలు మూడో వంతు పైనే తగ్గినట్టు స్టడీల్లో తేలింది. పడ్డాక మనిషి భయంతో నడవడం మానేస్తాడు, మానేస్తే కండ కరుగుతుంది, కండ కరిగితే మళ్ళీ పడతాడు, నాన్న మొదటి రెండు నెలలు సరిగ్గా ఆ చక్రంలోనే ఉన్నారు, ఎన్ని రాడ్లు వేయించినా ఆ కుర్చీలోంచి లేపింది మాత్రం రోజూ చేసిన ఆ ఎక్సర్‌సైజులే.

తర్వాత చదివాను, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ రివ్యూ ఒకటి 2023లో వచ్చింది, ఇంట్లో ప్రమాదాలు సరిచేస్తే పడడాలు మొత్తమ్మీద 26 శాతం, అప్పటికే రిస్క్ ఎక్కువున్నవాళ్ళలో 38 శాతం తగ్గుతాయని, రిస్క్ లేనివాళ్ళ ఇళ్ళలో మాత్రం పెద్ద తేడా లేదని. నాకు అందులో కనిపించింది ఏంటంటే చెక్‌లిస్టు ఇంటిని చూస్తుంది, చూడాల్సింది మనిషిని. మేం ఇంటిని చూశాం, మంచిగా ఫోటో తీసుకున్నాం.

వంటింట్లో అమ్మ స్టూల్ ఎక్కడం ఇంకా పూర్తిగా మానలేదు. రోజూ వాడేవన్నీ నడుముకీ భుజానికీ మధ్య అరల్లోకి దింపేశాను, స్టూల్ మా ఇంటికి పట్టుకొచ్చేశాను. ఒకరోజు వీడియో కాల్‌లో ఆవిడ వెనకాల డైనింగ్ కుర్చీ షెల్ఫు కింద ఎందుకుందో అడిగితే సిగ్నల్ లేదంది.

మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు అలవాటుగా టార్చ్ వేసి చూస్తే బాల్కనీ తలుపు పక్కన గోడ మీద కొత్త మరక ఒకటి కనిపించింది, నాన్న చెయ్యి ఎత్తుకి కాదు, ఇంకా కిందకి, నా భుజం కంటే బాగా కింద. "అమ్మా, ఇది నీదేనా?" అన్నాను. "కాదే, పిల్లలదేమో" అంది. మా పిల్లలు ఆ ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. తమ్ముడికి ఫోన్ చేసి వచ్చేవారం డ్రిల్ మిషన్ తెమ్మన్నాను, వాడు వచ్చేలోపే నేను పెన్సిల్ తీసుకుని అమ్మని ఆ తలుపు దగ్గర ఒకటికి పదిసార్లు అటూ ఇటూ నడవమన్నాను, ఆవిడ నడిచింది, తిట్టుకుంటూ నడిచింది, పదిసార్లూ చెయ్యి అక్కడే పెట్టింది.